లువాంగ్ ప్రబాంగ్ గంజి

శశికళ వండేటప్పుడు రుచి చూడదు. ఆ అలవాటే లేదు. ఆమె నాన్న భీమవరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ వండే మనిషి. గాడిపొయ్యి మీద అయిదు వందల మందికి పప్పు దింపినా గరిటె అంచు నాలిక్కి తగలనిచ్చేవాడు కాదు. వడ్డించకముందే నోట్లో వేసుకుంటే అదంతా ఎంగిలి అయిపోయినట్టేనని ఆయన పట్టుదల. ఉప్పు చేతికి తెలియాలి, పులుపు ముక్కుకి తెలియాలి, ఉడుకు చెవికి తెలియాలి, ఇక నాలిక్కి పనేముంది అనేవాడు. తల్లి లేని పిల్లని ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించి తనతో పాటు వంటలకి తిప్పుకున్నాడు. ఆమెకి ఇంగ్లీషు రాలేదు గానీ తండ్రి చెయ్యి మాత్రం వచ్చింది.

ఆ చెయ్యి చూసే కృష్ణమోహన్ ఆమెని చేసుకున్నాడు. ఎవరిదో పెళ్ళిలో దప్పళం మూడుసార్లు పోయించుకుని, ఇది కాచినవాళ్ళెవరో చూడాలంటూ ఆకు ముందు నుంచి లేచి వంటల పందిట్లోకి వచ్చాడు. అక్కడ పొగలో కళ్ళు నలుపుకుంటూ పందొమ్మిదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. ఆ పెళ్ళికొడుకు పేరు ఇద్దరూ మర్చిపోయారు గానీ ఆ దప్పళం సంగతి ఇరవై ఏడేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

తిండి మీద అంత ఇష్టం ఉన్న మనిషి ఇప్పుడు అమెరికాలో, రెడ్‌మండ్‌లో తన ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో, మజ్జిగ గ్లాసు వైపు చూడనైనా చూడకుండా కూర్చున్నాడు. గొంతులో కేన్సర్. ముప్పై అయిదు రోజులు రేడియేషన్ ఇవ్వాలన్నారు, ఇరవై ఆరు అయ్యాయి. నోరంతా పుండు. ఉమ్ము మింగినా గాజుపెంకు మింగినట్టే ఉంటుందని చెప్పాడు ఒకసారి, మళ్ళీ చెప్పలేదు. రుచి ఎప్పుడో పోయింది. ఉప్పూ లేదు, తీపీ లేదు, ఏది పెట్టినా తడిసిన కాయితం నమిలినట్టుందంటాడు.

ఆ సోమవారం ఆస్పత్రిలో బరువు చూశారు. నూట పంతొమ్మిది పౌండ్లు. జబ్బు రాకముందు నూట అరవై పైమాట. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా ముఖానికి ఒక వల లాంటి తొడుగు వేసి బల్లకి బిగిస్తారు. దాన్ని మొదట్లోనే ఆయన ముఖానికి అచ్చు తీసి చేశారు. ఇంకా చిక్కిపోతే ఆ తొడుగు వదులైపోతుంది, కిరణం పడాల్సిన చోట పడదు. గురువారం నాటికి నూట పద్దెనిమిదికి తగ్గితే రేడియేషన్ ఆపేసి, పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెడతామని డాక్టరు చెప్పింది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. శశికళకి ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది గానీ ఆ సంఖ్య మాత్రం బాగానే అర్థమైంది.

కారులో వస్తూ కృష్ణమోహన్ ఒక్కటే మాట అన్నాడు. గొంతు బొంగురుపోయి, గాలి మాత్రమే మాటలా వస్తోంది.

"గొట్టం వద్దు శశీ."

"ఎవరు పెట్టనిస్తారు. మూడు రోజులున్నాయి. మీరు తినండి, నేను పెడతాను."

ఇంటికి రాగానే రాగి జావ కాచింది. పెసరకట్టు పెట్టింది. అరటిపండు పాలల్లో చిలికి ఇచ్చింది. ఒక్కో దానికీ ఒక్కో చెంచా తీసుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టాడు. నాలుగోసారి గిన్నె పట్టుకుని వచ్చేసరికి తనే అడిగాడు.

"ఆ గంజి కావాలి."

"ఏ గంజండీ?"

"లువాంగ్ ప్రబాంగ్‌లో పొద్దున్నే తాగేవాణ్ణి చూడు. అది గొంతులో దానంతట అది జారిపోయేది."

"ఎలా ఉండేది? చెప్పండి, చేసిపెడతాను."

చెప్పడానికి మాట దొరకలేదో, మాటని గొంతు దాటించలేకపోయాడో తెలియదు. చివరికి, "ఏమని చెప్పను. నువ్వు రాలేదుగా," అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉన్నమాట అన్నాడు, అంతే. కానీ శశికళ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు నిలబడిపోయింది.

నిజమే, ఆమె వెళ్ళలేదు. లావోస్‌కి వెళ్ళింది గానీ ఆ గంజి దగ్గరికి వెళ్ళలేదు.

రెండేళ్ళ క్రితం, పెళ్ళై పాతికేళ్ళయిందని పది రోజులు వెళ్ళారు. పిల్లలు పక్కన లేకుండా ఇద్దరే కలిసి చేసిన ప్రయాణం అదొక్కటే. ఆమె సూట్‌కేసులో బట్టల కన్నా ముందు రైస్ కుక్కర్ ఎక్కింది. దాని చుట్టూ సోనామసూరి బియ్యం, కందిపొడి, గోంగూర, ఇంత చింతపండు. ఆ దేశంలో తాగే నీళ్ళు కూడా చేప వాసనేనని ఎవరో అన్నారు. అన్నింట్లోనూ ఉప్పులో ఊరబెట్టిన చేపల రసం కలుపుతారన్న భయం ఆమెకి.

లువాంగ్ ప్రబాంగ్‌లో రెండు నదులు కలిసే చోట చిన్న గెస్ట్‌హౌస్. మొదటి రోజు కుక్కర్ పెట్టగానే ఏసీతో సహా అంతా ఆరిపోయింది. ఆ ఇల్లుగలావిడ పరుగున పైకి వచ్చి, గదిలో నేల మీద కూర్చుని అన్నం వండుకుంటున్న శశికళని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత రోజూ శశికళ ఏసీ ఆపి కుక్కర్ పెట్టేది.

కృష్ణమోహన్‌కి ఊరంతా భోజనశాలే. తెల్లవారకుండా లేచి, కాషాయం కట్టుకున్న సన్యాసులు బారులు తీరి భిక్షకి వెళ్ళడం చూసేవాడు. మోకాళ్ళ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరి పాత్రలో ఒక్కో ముద్ద వేసేవారట. అక్కణ్ణించి సంతకి. అక్కడ నీలం గొడుగు కింద ఒకామె గంజి పోసేది. అది తాగి, నోటు పుస్తకంలో రాసుకొచ్చిన పిల్లాడిలా గదికొచ్చి అన్నీ చెప్పేవాడు. వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన అన్నాన్ని చేత్తోనే ముద్ద చేసుకుని నంజుకుంటారట, మనలాగే. కాల్చిన టమాటా, మిరపకాయ రోట్లో నూరుతారట, అచ్చం మన రోటి పచ్చడే. నదిలో పాచిని ఎండబెట్టి నువ్వులు జల్లి వేయిస్తారట, అప్పడంలా ఉంటుందట. అరటాకులో చుట్టి కాల్చిన చేప సంగతి మాత్రం ఆమె ముఖం చూసి సగంలో ఆపేశాడు. కొబ్బరిపాలతో పోసిన గుంత పొంగణాల్లాంటివి అరటాకు దొన్నెలో తెచ్చిపెడితే అవి మాత్రం తిన్నది. అయిదు తిన్నది. అంతే.

వాంగ్ వియెంగ్‌కి కొత్త రైల్లో వెళ్ళారు. కిటికీ నిండా కత్తితో కోసినట్టున్న కొండలు. వియన్‌త్యాన్‌లో సాయంత్రం మెకాంగ్ నది ఒడ్డున పాటలు పెట్టుకుని ఊరి ఆడవాళ్ళందరూ వ్యాయామం చేస్తుంటే పక్కన నిలబడి చేతులూపాడు. ప్రతిచోటా తినడానికి కూర్చునేటప్పుడు రెండు స్టూళ్ళు లాగేవాడు. "రా శశీ, ఒట్టి కూరలే ఉన్నాయి, అడిగాను," అనేవాడు. "మీరు తినండి, నేను వద్దన్నానా? నాకు గదిలో ఉంది," అనేది ఆమె. పది రోజులూ ఇదే మాట. ఆయన కొంతసేపు ఎదురుగా ఉన్న ఖాళీ స్టూలు చూసి తినడం మొదలుపెట్టేవాడు. అది ఆమెకి అప్పుడు కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది.

సోమవారం సాయంత్రం దేశానికి అవతలి కొసన ఉన్న ఆష్‌బర్న్ నుంచి కూతురు రియా వీడియో కాల్ చేసింది. అక్కడ ఉద్యోగం. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు పట్టి పట్టి మాట్లాడుతుంది.

"అమ్మా, నేను చూశాను, లావోస్‌లో అందరూ స్టికీ రైస్ తింటారు. నాన్నకి అదే కావాలేమో. ఆర్డర్ చేశాను, టూ అవర్స్‌లో డోర్ దగ్గర ఉంటుంది."

"అదేనంటావా?"

"ఐ థింక్ సో. అమ్మా, నేను రావాలా?"

"వద్దమ్మా. నువ్వు దిగితే ఇంకేదో అయిపోయిందనుకుంటారాయన."

బియ్యం వచ్చింది. తెల్లగా, సున్నపు ముక్కల్లా ఉంది. బియ్యం బియ్యమే కదా అనుకుంది శశికళ. కడిగి, ఒకటికి నాలుగు నీళ్ళు పోసి, జావ కదా అని ఇంకో గ్లాసు పోసి, ప్రెషర్ కుక్కర్‌లో అయిదు విజిల్స్ పెట్టింది. మూడో విజిల్ రాలేదు. కుక్కర్ లోపల్లోపల బుసలు కొట్టి, విజిల్ పక్క నుంచి తెల్లటి జిగురు కక్కింది. ఆవిరి చల్లారాక మూత తీయడానికి సింక్‌లో పెట్టి గుంజాల్సి వచ్చింది. లోపల గంజి లేదు. గరిటె దించితే గరిటె అలాగే నిలబడింది.

అయినా ఒక చెంచా నీళ్ళల్లో కలిపి తీసుకెళ్ళింది. అది ఆయన గొంతులో అతుక్కుంది. దగ్గు వచ్చింది. దగ్గుతో నెత్తురు జీర వచ్చింది. తువ్వాలు మడిచి ఆమెకి కనపడకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చూసింది. చూడనట్టే గిన్నె తీసుకొచ్చి వంటింటి నేల మీద, డిష్‌వాషర్‌కి ఆనుకుని కూర్చుంది. చెయ్యి ఉంది కదా అనుకునేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు తన భర్త చివరికి నోరు తెరిచి ఒకటి అడిగితే, అది ఎలా ఉంటుందో కూడా తనకి తెలియదు.

మర్నాడు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఉమ వచ్చి ఉంది. రెండిళ్ళ అవతల ఉంటుంది, నిజామాబాద్ పిల్ల, ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరా ఉంది. సింక్‌లో నానుతున్న కుక్కర్‌ని వేలుతో పొడిచి చూసింది.

"ఏందక్కా ఇది, సినిమా పోస్టర్లు అంటిద్దామనా?"

శశికళకి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. సంగతంతా చెప్పింది. ఉమ చేతులు తుడుచుకుని, "అన్న ఫోన్ ఇయ్యి," అంది. ఫోటోల్లో వెనక్కి జరుపుకుంటూ పోయింది. కొండలు, గుళ్ళు, గదిలో కుక్కర్ ముందు కూర్చున్న శశికళ. ఆ తరవాత నీలం గొడుగు, దాని కింద ఒకామె, పెద్ద కుండ, ఒక గిన్నె. గిన్నెలో తెల్లగా, పలచగా, పైన పచ్చటి ఆకు తరుగు.

"గిదే కద? పద, పోదాం. ఆ సౌత్ దిక్కు లావో వాళ్ళ కొట్టు ఒకటున్నది, గంట డ్రైవ్. అన్న దగ్గర మా ఆయన దామోదర్ కూసుంటడు, ఎట్లాగూ ఇంట్ల నుంచే పని."

"ఆయన్ని వదిలిపెట్టి ఎలా వస్తాను?"

"ఈడ ఉండి ఏం చేస్తవు, ఇంకో కుక్కర్ ఖరాబ్ చేస్తవా?"

కొట్టు చిన్నది. ఎండు మిరపకాయలు, వెదురు బుట్టలు, డబ్బాలు, ఒక గోడ నిండా సీసాల్లో చేపల రసం. తలుపు తీయగానే వాసన ముఖాన కొట్టింది. శశికళ పవిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మళ్ళీ సిగ్గుపడి తీసేసింది. వెనక వైపు వంటగది. అక్కడ డెబ్బై ఏళ్ళావిడ స్టూలు మీద కూర్చుని నిమ్మగడ్డి తరుగుతోంది. పేరు మనివాన్. పద్నాలుగో ఏట యుద్ధమప్పుడు పడవలో మెకాంగ్ దాటి వచ్చేసిన మనిషి. ఆవిడ ఇంగ్లీషూ ముక్కలే, శశికళ ఇంగ్లీషూ ముక్కలే. అందుకేనేమో ఉమ మధ్యలో దూరకుండానే ఒకరిది ఒకరికి అర్థమైంది.

ఫోటో చూసి, ఆయన జబ్బు సంగతి విని ఆవిడ, "ఖావ్ పియాక్ ఖావ్," అంది. తడి అన్నం అని అర్థమట. వాళ్ళ ఊళ్ళో పసిపిల్లకీ అదే, ముసలివాళ్ళకీ అదే, జ్వరమొస్తే అదే.

"డబ్బాలో పెట్టి ఇస్తారా? ఎంతైనా సరే," అంది శశికళ.

మనివాన్ తల అడ్డంగా ఊపింది. ఈ పూటకి డబ్బా, రేపు పొద్దున్న ఏమిటి? ఎల్లుండి? రోగి ఇంట్లో పొయ్యి మీద ఉడకాలి, వాసన ముందు వెళ్ళాలి. లోపలికి రా, నేర్చుకో అంది.

పొయ్యి మీద కోడి ఎముకలు మరుగుతున్నాయి. శశికళ జీవితంలో ఎప్పుడూ మాంసం ఉడికే గిన్నెకి అంత దగ్గరగా నిలబడలేదు. కృష్ణమోహన్ బయట తినేవాడు, ఇంటి గడప దాటించేవాడు కాదు. మనివాన్ అల్లం లాంటి దుంప దంచి వేసింది, నిమ్మగడ్డి ముడి వేసి వేసింది. మామూలు బియ్యం రెండు గుప్పిళ్ళు, ఆ జిగురు బియ్యం ఒక్క చిటికెడు, గంజికి ఒళ్ళు రావడానికి. మూత పెట్టలేదు. గరిటె ఆపలేదు. బియ్యం పువ్వులా విచ్చుకుని, తరవాత దేని రూపం దానికి లేకుండా కరిగిపోయింది. జబ్బు మనిషికి వేయించిన వెల్లుల్లి వద్దు, మిరియం వద్దు అంది. చివర సీసా వంచి చేపల రసం వేసింది.

"ఎంత వెయ్యాలి?" అని అడిగింది శశికళ, చేత్తో చూపిస్తూ. "చెంచానా? అరచెంచానా?"

ఆవిడ గరిటెలో కొంచెం తీసి, ఊది, శశికళ నోటి ముందు పెట్టింది.

ఉమ ముందుకొచ్చింది. "అక్క తినదమ్మా. వెజ్. పైగా వంట చేసేటప్పుడు అసలే ముట్టదు, వాళ్ళ నాన్న రూల్."

మనివాన్‌కి ఎంత అర్థమైందో గానీ గరిటె వెనక్కి తీసుకోలేదు. ఒక్కో కోడి ఒక్కోలా ఉంటుంది, ఒక్కో సీసా ఉప్పు ఒక్కోలా ఉంటుంది, కొలత లేదు అంది. తరవాత శశికళనే చూస్తూ అడిగింది.

"మీ ఆయన నాలుక నిద్రపోతోందా?"

"అవును."

"అయితే ఆయన ఎవరి నాలుకతో తింటాడు?"

గరిటె మీద నుంచి ఆవిరి లేస్తోంది. శశికళకి తండ్రి గుర్తొచ్చాడు. వేడి పొయ్యిల వరస, ఒళ్ళంతా చెమట, పొడిగా ఉన్న ఆయన పెదాలు. ఆయన బతికుంటే ఏమనేవాడో ఆమెకి తెలుసు. గురువారం ఎంత దూరంలో ఉందో కూడా తెలుసు. నోరు తెరిచింది.

ముందు చేప వాసన కొట్టింది. చిన్నప్పుడు ఎండు చేపల కొట్ల ముందు ముక్కు మూసుకుని పరిగెత్తిన వాసన. సింక్ అంచు గట్టిగా పట్టుకుంది. ఉమ వీపు మీద చెయ్యి వేసింది. మింగింది. మింగాక, ఆ ఉప్పు కింద, ఆ వాసన కింద, మెత్తగా వెచ్చగా ఇంకేదో ఉంది. అది గొంతులో ఆమెతో పని లేకుండా దానంతట అది జారిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి.

"ఏం తక్కువైంది?" అని అడిగింది మనివాన్.

"పులుపు లేదు," అంది శశికళ.

ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వింది. ఉండకూడదంది. మళ్ళీ గరిటె ముంచింది. మూడుసార్లు తినిపించి, ఉప్పు కావాలని చెప్పించి, కావలసినంత చేపల రసం శశికళ చేత్తోనే వేయించి, మళ్ళీ తినిపించి అప్పుడు వదిలింది. ఎముకలు కట్టి ఇచ్చింది, సీసా ఇచ్చింది. కారెక్కుతుంటే ఉమ, "అక్కా, ఈ ముచ్చట గుడిల ఎవ్వరికీ చెప్పనులే," అంది.

"చెప్పుకో. నాకేం," అంది శశికళ.

బుధవారం పొద్దున్న పూజ అలమర తలుపులు మూసి, పాయసం కాచే గిన్నెలోనే ఎముకలు వేసింది. ఇంట్లో ఆ వాసన మొదటిసారి లేచింది. నాలుగుసార్లు రుచి చూసింది. ప్రతిసారీ మింగింది. వడకట్టి, గోరువెచ్చగా తీసుకెళ్ళి, దిండు ఎత్తు చేసి, చెంచా అందించింది.

కృష్ణమోహన్ మింగాడు. కణతల దగ్గర నరాలు పొంగాయి. ఇంకోటి మింగాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. పదో చెంచాకి ఆగి అడిగాడు.

"అదేనా?"

"నాకేం తెలుసండీ."

"నాకూ తెలియట్లేదు."

ఆయన నోరు మళ్ళీ తెరిచాడు. ఆ రోజు ఆరు గిన్నెలు పట్టించింది. ఒక్కో గిన్నెకి ముప్పావుగంట. మధ్యలో నొప్పికి కళ్ళు తుడుచుకునేవాడు, మళ్ళీ నోరు తెరిచేవాడు. రియాకి ఫోన్ చేసి, "తింటున్నారమ్మా, ఆరు గిన్నెలు," అని చెప్పింది. రియా అవతల ముక్కు ఎగబీల్చింది. ఉమ తలుపు దగ్గర నుంచే, "చూసినవా, నేన్జెప్పలే?" అంది.

గురువారం పొద్దున్న ఒక గిన్నె పట్టించి, బయల్దేరే ముందు రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు ఎదురుగా పెట్టింది. ఎందుకో ఆయన అడగలేదు. గుక్కకో క్షణం ఆగుతూ రెండూ తాగాడు. మందపాటి స్వెటర్ వేసింది. దాని మీద జాకెట్ వేసింది.

బరువు చూసే నర్సు జాకెట్ విప్పమంది. స్వెటర్ కూడా విప్పమంది. శశికళ ఆ రెండూ గుండెలకి హత్తుకుని నిలబడింది. ఎర్ర అంకెలు ఊగి, ఆగాయి. నూట పదిహేడు పాయింట్ రెండు.

"మళ్ళీ చూడండి," అంది శశికళ.

నర్సు మళ్ళీ చూసింది. అదే.

తొడుగు వేసి చూశారు. దవడ పక్కన నర్సు వేలు లోపలికి దూరింది. డాక్టరు వచ్చి కూర్చుని, ఏం తింటున్నారని అడిగింది. శశికళ చెప్పింది. మంచి తిండే, కానీ అందులో ఎక్కువ నీళ్ళే, ఈయన ఒంటికి కావలసినది అందులో నాలుగో వంతు కూడా లేదు అంది డాక్టరు. శశికళకి ఆ మాట పూర్తిగా అర్థమైంది. ఆరు గిన్నెలు, ఒక్కో గిన్నె ముప్పావుగంట, ఆయన కణతల నరాలు. ఇంతా చేసి తను ఆయనకి నీళ్ళే తాగించింది.

"టూ డేస్ ఇవ్వండి మేడమ్. హి ఈజ్ ఈటింగ్. రెండే రెండు రోజులు. ఇంకా చిక్కగా చేస్తాను, నెయ్యి వేస్తాను." సగం ఇంగ్లీషు, సగం తెలుగు. డాక్టరు చెయ్యి పట్టుకుంది తనకి తెలియకుండానే. "ప్లీజ్. ఆయన తింటున్నారు."

"శశీ," అన్నాడు కృష్ణమోహన్. "ఊరుకో."

ఆయనే పెన్ను అడిగి తీసుకున్నాడు. కాయితం మీద నిదానంగా సంతకం పెట్టాడు.

శుక్రవారం గొట్టం పెట్టారు. శనివారం మధ్యాహ్నం ఇంటికి పంపారు. కొత్త తొడుగు బుధవారం చేస్తామన్నారు, మిగిలిన రేడియేషన్ ఆ తరవాత. నర్సు ఇంటికి వచ్చి నేర్పించింది. రోజుకి ఆరు డబ్బాల ద్రవాహారం. డబ్బా ఊపి, మూత తీసి, పెద్ద సిరంజి గొట్టానికి తగిలించి, ఎత్తి పట్టుకుని నెమ్మదిగా పొయ్యాలి. ఈ వారం ఇది తప్ప ఇంకేదీ గొట్టంలో వెయ్యకూడదు, నోటితో కూడా ఏమీ ఇవ్వకూడదు. చేతులు కడుక్కోండి. అంతే, చాలా తేలిక అంది నర్సు.

ఆవిడ వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా అయిపోయింది. వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. కౌంటర్ మీద బారులు తీరిన డబ్బాలు. తన పన్నెండో ఏట నుంచీ ఎవరికో ఒకరికి వండుతూనే ఉంది శశికళ. ఇప్పుడు వండాల్సింది లేదు. రేపూ లేదు. ఎల్లుండీ లేదు. ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేదు, అడగడానికి ఆమెకి నోరు రాలేదు.

ఒక డబ్బా తీసుకుని వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచింది. అవసరం లేదని నర్సు చెప్పింది, అయినా ఉంచింది. తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చుని మూత తీసింది. చిక్కగా, లేత గోధుమ రంగులో ఉంది. సిరంజి గొట్టానికి తగిలించింది. పొయ్యబోయి ఆగింది. చిటికెన వేలు డబ్బాలో ముంచి నాలిక మీద పెట్టుకుంది.

కృష్ణమోహన్ దిండు మీద తల తిప్పి చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు గాలి గొంతుతో.

ఆమె ఇంకోసారి నాలిక చప్పరించి చూసింది. తీపి. తీపి వెనక ఇనుము. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది.

"బాగాలేదండీ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పొట్ట మీద దుప్పటి ఒకసారి లేచి పడింది. నవ్వాడో, నొప్పికి ఊపిరి బిగబట్టాడో ఆమెకి తెలియలేదు.

"సరే, పొయ్యి," అన్నాడు.

ఆమె సిరంజి ఎత్తి పట్టుకుని పోసింది.